చిన్న ఇంట్లో చోటు ఎక్కడికి పోతోంది?

బెంగళూరులో కేఆర్ పురం, హొరమావు, ఎలక్ట్రానిక్ సిటీ వైపు తెలుగు కుటుంబాలు కొనుక్కునే మొదటి ఫ్లాట్ దాదాపు ఒకే మూసలో ఉంటుంది. రెండు బెడ్‌రూములు, ఒక హాలు, దానికి ఆనుకుని వంటిల్లు, వెనక వాషింగ్ మెషీన్ పట్టేంత యుటిలిటీ. అమ్మేటప్పుడు 900 చదరపు అడుగులంటారు. తాళాలు చేతికొచ్చాక టేపు పెట్టి కొలిస్తే 650 వస్తే గొప్ప. మిగిలిందంతా మెట్లు, లిఫ్టు, కారిడార్, బయటి గోడల మందం కింద పోతుంది. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల నిజంగా వాడుకునే నేల, ఎంతో చెప్పే అమ్మాలి. ఆ లెక్కలో గదుల మధ్య గోడలు కలుస్తాయి గానీ బయటి గోడలు, బాల్కనీ కలవవు.

అందుబాటు ధర ఇంటికి జీఎస్టీ నిబంధనలు పెట్టిన హద్దు కూడా ఇంచుమించు ఇక్కడే ఉంది. బెంగళూరు, చెన్నై లాంటి మెట్రో నగరాల్లో 60 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా, 45 లక్షల రూపాయల లోపు ధర ఉంటే, కట్టుబడిలో ఉన్న ఇంటి మీద 2019 ఏప్రిల్ నుంచి 1 శాతం పన్ను. 60 చదరపు మీటర్లంటే 646 చదరపు అడుగులు. బెంగళూరులో 45 లక్షలకు రెండు బెడ్‌రూముల కొత్త ఫ్లాట్ కావాలంటే ఊరి అంచుల్లో వెతుక్కోవాలి, అది వేరే కథ. అసలు ప్రశ్న ఆ 646 అడుగుల్లో నలుగురు మనుషులు, పండక్కో పురిటికో వచ్చి నెలల తరబడి ఉండే పెద్దవాళ్లు ఎలా సర్దుకోవాలన్నది.

ఒకే టవర్‌లో, ఒకే ప్లాన్‌లో కట్టిన రెండు ఫ్లాట్లు చూస్తే ఒకటి హాయిగా ఉంటుంది, ఇంకొకటి గోడౌన్‌లా ఉంటుంది. రెండో ఇంటివాళ్లు తక్కువ ఖర్చు పెట్టారనుకుంటే పొరపాటు. చాలాసార్లు వాళ్లే ఎక్కువ పెట్టి ఉంటారు. చిన్న ఇల్లు ఇరుకయ్యేది సామాను కొనడం వల్ల, అందులోనూ 24 గంటలూ ఒకేచోట పాతుకుని ఒకే పని చేసే సామాను వల్ల.

10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న బెడ్‌రూమ్ తీసుకుందాం. కింగ్ సైజు మంచం 6 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు. 100 చదరపు అడుగుల్లో 39 అక్కడే పోయాయి. షోరూములో చూపించినట్టు గది మధ్యలో వేస్తే రెండు పక్కలా రెండేసి అడుగుల సందు మిగులుతుంది. ఒక మనిషి నడవడానికి సరిపోతుంది, ఇంకే పనికీ పనికిరాదు. ఇప్పుడు బీరువా రావాలి. దాని లోతు ఒకటిన్నర అడుగు. పక్క గోడకు ఆనిస్తే మంచానికీ బీరువాకీ మధ్య అరడుగు సందు. తలుపులు తెరవడానికే ఇంకో ఒకటిన్నర అడుగు కావాలి కదా! దాంతో బీరువా మంచం కాళ్లవైపుకు పోతుంది. అక్కడ కిటికీ ఉంటే సగం మూసుకుపోతుంది. గది తలుపు 3 అడుగులదైతే అది తిరగడానికి ఇంకో 7 చదరపు అడుగులు ఎప్పుడూ ఖాళీగా వదలాలి. చివరికి ఆ గదిలో కింద కూర్చుని బట్టలు మడత పెట్టుకోవడానికి కూడా చోటుండదు.

అదే గదిలో 5 అడుగుల వెడల్పు మంచం వేసి, దాన్ని గోడకు జరిపేస్తే రెండోవైపు 5 అడుగుల నేల ఒకే ముక్కగా తేలుతుంది. పాప బొమ్మలు పరుచుకోవచ్చు, రాత్రి ఒక పరుపు వేయొచ్చు, పొద్దున యోగా మ్యాట్ వేసుకోవచ్చు. గోడవైపు పడుకున్నవాళ్లు లేవాలంటే రెండోవాళ్లను దాటాలి, దుప్పటి సర్దడం కాస్త కష్టం. ఆ ఇబ్బందులు నిజమే, కానీ దక్కే చోటుతో పోలిస్తే చిన్నవి. ఉత్తరానికి తల పెట్టకూడదన్న పట్టింపు ఉన్న ఇంట్లో మంచం తలవైపుకు నాలుగు గోడల్లో ఒకటి ముందే తీసేసినట్టు లెక్క. అందుకే ఫ్లాట్ చూడ్డానికి వెళ్లినప్పుడే మంచం ఏ గోడకు వేయాలో నిలబడి చూసుకోవడం మంచిది. గృహప్రవేశమయ్యాక చూస్తే చేసేదేమీ ఉండదు.

ఇక బీరువాది తేలే తగువు కాదు. పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన వస్తువు, అమ్మేద్దామంటే ఇల్లంతా ముఖం ముడుచుకుంటుంది. కిటికీకి అడ్డం లేకుండా, తలుపు తెరవగానే ఎదురుగా కనిపించకుండా చూసుకుంటే చాలు. తలుపు వెనకాల మూల, బాత్‌రూమ్ ముందుండే నడవ చివర దీనికి సరైన చోట్లు. కొత్తగా అల్మారా చేయించే ఆలోచన ఉంటే ఒకే గోడకు, నేల నుంచి స్లాబ్ దాకా చేయించాలి. మూడు గోడలకూ నడుమెత్తు పెట్టెలు బిగిస్తే మూడువైపులా నేల పోతుంది, వాటి నెత్తిన మళ్లీ సూట్‌కేసులు, దుప్పట్ల మూటలు పేరుకుంటాయి.

హాలు విషయంలో తేడా ఇంకా ఎక్కువ. 10 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవున్న హాల్లో మామూలు సోఫా సెట్ వేసి చూడండి. ముగ్గురు కూర్చునేది దాదాపు 20 చదరపు అడుగులు, రెండు విడి సోఫాలు 18, మధ్యలో టీపాయ్ 8, టీవీ యూనిట్ ఏడున్నర. మొత్తం 53 పైమాటే. ఇంకా 86 మిగిలాయి కదా అనిపిస్తుంది. కానీ ఆ 86 ఒకచోట ఉండవు. సోఫా వెనక కొంత, టీపాయ్ చుట్టూ కొంత, మూలల్లో కొంత ముక్కలుగా ఉంటాయి. రాత్రి ఇద్దరు చుట్టాలకు పరుపులు వేయాలంటే టీపాయ్ బాల్కనీలోకి పోవాలి, విడి సోఫా ఒకటి వంటింటి గుమ్మానికి అడ్డం రావాలి.

సోఫా సెట్ బదులు ఒక దివాన్, నాలుగు తేలికపాటి కుర్చీలు పెట్టి, టీవీని గోడకు బిగిస్తే నేల మీద పోయేది 15 చదరపు అడుగుల దివాను, కుర్చీల చోటు. ఒకదాని మీద ఒకటి పేర్చే కుర్చీలైతే ఆ చోటూ మిగులుతుంది. దివాన్ పగలు కూర్చోడానికి, రాత్రి ఒకరు పడుకోడానికి, దాని పెట్టె అదనపు పరుపులు దాచుకోడానికి. తెలుగిళ్లలో ఒకప్పుడు నులక మంచం పొద్దున్నే గోడకు నిలబెట్టేసేవాళ్లు, పీటలు తినేటప్పుడే వాల్చేవాళ్లు. అలాగని చాప, పీటలతోనే గడిపేయాలని ఇప్పుడు ఎవరికీ చెప్పలేం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కింద కూర్చోలేరు. ఆరుగురి డైనింగ్ టేబుల్ మాత్రం ఈ సైజు ఇంట్లో దండగ. చాలా ఇళ్లలో దాని మీద ఉండేది భోజనం కాదు, న్యూస్‌పేపర్లు, మందుల డబ్బా, ఛార్జర్లు, వాడిపోయిన కరివేపాకు. గోడకు బిగించి అవసరమైనప్పుడు వాల్చుకునే బల్ల నలుగురికి సరిపోతుంది.

ఇప్పుడు కాస్త చేదు మాట. ఫ్లాట్ వెతికేటప్పుడు మనవాళ్లు మొదట అడిగేది 'ఈస్ట్ ఫేసింగేనా?' అని. సొంత స్థలంలో కట్టిన ఇంటికి తూర్పు వాకిలి అంటే పొద్దుటి ఎండ లోపలికి వస్తుంది. అపార్ట్‌మెంట్‌లో ఆ వాకిలి తెరుచుకునేది కారిడార్‌లోకి, అక్కడ ఎదురయ్యేది పక్క ఫ్లాట్ తలుపు. కారిడార్‌కు రెండు పక్కలా ఫ్లాట్లుండి, వాకిలికి ఎదురు చివర బాల్కనీ ఉండే ప్లాన్‌లో ఒక పక్క వాకిలి తూర్పుకు ఉంటే బాల్కనీ, హాలు కిటికీ పడమటికి వస్తాయి. అంటే ఈస్ట్ ఫేసింగ్ అని ఎక్కువ డబ్బు పెట్టి కొన్న ఇంట్లోకి ఏప్రిల్‌లో మధ్యాహ్నం మూడింటి ఎండ నేరుగా వస్తుంది. పగలంతా పరదా వేసుకుని, లైటు వేసుకుని బతకాలి. వాస్తు నమ్మకాన్ని ఎవరూ వదులుకోనక్కర్లేదు. వాకిలి ఎటుందో చూసిన కళ్లతోనే కిటికీలు ఎటున్నాయో కూడా చూడాలి.

వెలుతురు తక్కువైన గది నిజం కన్నా చిన్నదిగా అనిపిస్తుంది, ఎందుకంటే దాని మూలలు కంటికి ఆనవు. కిటికీల వైశాల్యం వాతావరణాన్ని బట్టి గది నేలలో కనీసం పన్నెండో వంతు నుంచి ఆరో వంతు దాకా ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. 100 చదరపు అడుగుల గదికి 4 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు కిటికీ ఉంటే 16 వస్తుంది, కాగితం మీద బాగానే ఉన్నట్టు. కానీ ఇప్పటి ఫ్లాట్లలో వచ్చేవి పక్కకు జరిపే అద్దాల కిటికీలు. రెండు పలకలవైతే ఒకటి జరిపినా తెరుచుకునేది సగమే. ఆ సగానికి బీరువా అడ్డం, ఇంకో పక్క పరదా కుచ్చు అడ్డం. పరదా రాడ్‌ను కిటికీ వెడల్పుకు సరిగ్గా కాకుండా రెండు పక్కలా ఒక్కో అడుగు ఎక్కువ వేయిస్తే పరదా మొత్తం గోడ మీదికి జరిగిపోతుంది, అద్దం పూర్తిగా బయటపడుతుంది. ఖర్చు రెండడుగుల రాడ్డు.

20×30 సైట్లలో కట్టిన బిల్డింగుల్లో బాధ ఇంకోలా ఉంటుంది. 600 చదరపు అడుగుల సైటులో మూడు నాలుగు అంతస్తులు, పక్కింటి గోడ చెయ్యి చాపితే తగిలేంత దూరంలో. కిటికీ తీస్తే ఆకాశం కనిపించదు, సిమెంటు పూత కనిపిస్తుంది. అలాంటి చోట లోపలికి వచ్చే వెలుతురంతా ఎదుటి గోడ మీద పడి తిరిగొచ్చేదే. నాచు పట్టిన నల్లటి గోడ వెలుతురును మింగేస్తుంది, తెల్ల సున్నం వేసిన గోడ చాలావరకు తిప్పి పంపుతుంది. పక్కింటి ఓనర్‌ను ఒప్పించి, మన కిటికీకి ఎదురుగా ఉన్న ఆ ముక్కకు మన ఖర్చుతో తెల్లరంగు వేయిస్తే లోపల గోడలకు ఖరీదైన పెయింట్ వేయించినదాని కన్నా ఎక్కువ ఫలితం ఉంటుంది. బాత్‌రూమ్‌లకు, వంటింటికి వెలుతురిచ్చే డక్ట్‌కూ (బిల్డింగు మధ్యలో నిలువునా వదిలిన సందు) ఇదే వర్తిస్తుంది.

రాత్రిపూట లెక్క వేరు. గోడకు ఒకే ట్యూబ్‌లైట్ ఉంటే దాని కింద తళతళ, ఎదుటి మూలల్లో చీకటి. అంతే వెలుగును రెండు మూడు చిన్న ఎల్‌ఈడీ బల్బులుగా విడదీసి మూలల్లో, గోడల మీద పడేలా పెడితే గది చివరి దాకా కనిపిస్తుంది. హాలుకూ బెడ్‌రూములకూ 3000 నుంచి 4000 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత; తగ్గేకొద్దీ పసుపు) బల్బులు కంటికి హాయి. 6500 కెల్విన్ తెల్ల వెలుగు వంటింట్లో, పిల్లలు చదివే బల్ల దగ్గర పనికొస్తుంది.

ఫాల్స్ సీలింగ్ గురించి ఇంటీరియర్ వాళ్లు చెప్పినంత తీపిగా చెప్పడం కుదరదు. జాతీయ భవన నియమావళి ప్రకారం నివాస గది ఎత్తు కనీసం 2.75 మీటర్లు, అంటే సుమారు 9 అడుగులు. చాలా ఫ్లాట్లు దీనికి కాస్త అటూ ఇటుగానే ఉంటాయి. అందులో అరడుగు పైచిలుకు ఫాల్స్ సీలింగ్ పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) కింద పోతే, ఆ మేరకు ఫ్యాన్‌ను కిందికి దించాలి, లేదా పైకి అతికించినట్టు పెట్టాలి. రెక్కలకూ పైకప్పుకూ మధ్య దాదాపు ఒక అడుగు లేకపోతే ఫ్యాన్‌కు గాలి అందదు, తిరుగుతుందే గానీ చల్లగా ఉండదు. చిన్న ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క దర్జా ఎత్తు. దాన్ని డబ్బులిచ్చి తగ్గించుకోవడమెందుకు?

గాలి విషయంలో బెంగళూరుకు ఒక వరం ఉంది. సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కాబట్టి వేసవిలోనూ సాయంత్రానికి బయటి గాలి చల్లబడుతుంది. కిటికీ తీస్తే చాలు. సరిగ్గా ఆ వేళకే దోమలు వస్తాయి, ఇల్లంతా బిగించేస్తారు, పగలు వేడెక్కిన గోడల మధ్య ఫ్యాన్ వేడిగాలినే తిప్పుతూ ఉంటుంది. అందుకే ఈ ఊళ్లో కొత్త ఇంటికి పెట్టాల్సిన మొదటి ఖర్చు దోమల మెష్. సోఫా తర్వాత కొనుక్కోవచ్చు. డబ్బు తక్కువైతే వెల్క్రోతో అతికించే మెష్ కూడా పని చేస్తుంది. అన్నిటికీ వేయించలేకపోతే ఎదురెదురుగా ఉన్న రెండు కిటికీలకు వేయిస్తే చాలు. గాలి ఒకవైపు రావాలి, ఇంకోవైపు పోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి ఆ వైపు కిటికీ ఒకటి కచ్చితంగా తెరుచుకునేలా ఉండాలి.

వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతున్నా తాలింపు ఘాటు హాల్లో దగ్గు తెప్పిస్తోందంటే ఫ్యాన్‌ను అనుమానించే ముందు కిటికీ చూడాలి. ఫ్యాన్ పక్కనే ఉన్న కిటికీ తెరిచి ఉంటే అది అక్కడి గాలినే లాక్కుని అక్కడే బయటికి నెడుతుంది, పొయ్యి మీది పొగ కదలదు. ఆ కిటికీ మూసి, ఇంటికి అవతలి కొసన ఉన్న కిటికీ తీయాలి. అప్పుడు గాలి హాలు నుంచి వంటింటి మీదుగా బయటికి పోతుంది, ఎండుమిర్చి ఘాటు కూడా దాంతోనే వెళ్లిపోతుంది.

చివరి అంతస్తులో ఉండేవాళ్లకు ఇవన్నీ చాలవు. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. ఏప్రిల్ 24, 25 తేదీల ప్రాంతంలోనూ, మళ్లీ ఆగస్టు 18 ప్రాంతంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నీడ కాళ్లకిందకు పోతుంది. వేసవిలో ఎండ దెబ్బ గోడల కన్నా పైకప్పు మీద ఎక్కువ. కాంక్రీటు స్లాబ్ పగలంతా తాగిన వేడిని రాత్రి తొమ్మిది, పది దాకా గదిలోకి వదులుతుంది. మేడ మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పూత వేయిస్తే తేడా అరచేతితో స్లాబ్‌ను కింది నుంచి తాకినా తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. సున్నం చౌక, కానీ ఒక వానాకాలానికే కొట్టుకుపోతుంది.

సామాను విషయానికి మళ్లీ రావాలి. తెలుగు కుటుంబానికి ప్రత్యేకమైన ఒక రద్దీ ఉంది. ఆదివారం రాత్రి కర్నూలు, అనంతపురం, నెల్లూరు నుంచి వచ్చే బస్సుల డిక్కీలు చూస్తే తెలుస్తుంది. సొంత పొలం బియ్యం బస్తాలు, కందిపప్పు, ఏడాదికి సరిపడా ఆవకాయ, ఎండుమిర్చి, చింతపండు. ఏడాది సరుకు ఒకేసారి దించుకునే అలవాటు పల్లెటూరి ఇంటి కొట్టుగదికి సరిపోతుంది. 650 అడుగుల ఫ్లాట్‌లో కొట్టుగది ఉండదు కాబట్టి ఆ బస్తాలు డైనింగ్ టేబుల్ కిందికి, బెడ్‌రూమ్ మూలకు చేరతాయి, వర్షాకాలంలో పురుగు పడతాయి. రెండు నెలలకు సరిపడా తెచ్చుకుని మిగతాది ఊళ్లోనే ఉంచుకుంటే ఇంట్లో ఒక మూల మొత్తం ఖాళీ అవుతుంది. అమ్మను ఒప్పించడం మాత్రం స్లాబ్‌కు సున్నం వేయించినంత తేలిక కాదు.

అటక మీద ఏడాదికి ఒకసారి వాడేవే పెట్టాలి. సంక్రాంతి బొమ్మల కొలువు పెట్టె, ప్రయాణాల సూట్‌కేసులు, పెద్ద గిన్నెలు. రోజూ కావాల్సిన మిక్సీ జార్ అటకెక్కితే రెండో రోజు నుంచి అది గట్టు మీదే ఉండిపోతుంది. గట్టు ఎంత ఖాళీగా ఉంటే వంటిల్లు అంత పెద్దది. గ్రైండర్, ఓవెన్, వాటర్ ఫిల్టర్ మూడూ గట్టెక్కిన చోట కూరగాయలు తరగడానికి ఒక అడుగు కూడా మిగలదు. ఫిల్టర్ గోడకు, ఓవెన్ గోడ బ్రాకెట్ మీదికి వెళ్లిపోవాలి. గ్యాస్ సిలిండర్‌ను యుటిలిటీలోకి మార్చాలనుకుంటే రబ్బరు గొట్టాన్ని గోడ కన్నంలోంచి లాగకూడదు, రాగి పైపు లైను వేయించాలి. ఉతికిన బట్టలకు తాడు పట్టుకుని పైకి లాగే పుల్లీ దండెం ఉంటే బాల్కనీలో మనిషి నిలబడే చోటు బతుకుతుంది.

ఇరుకు అనేది చెవికీ తగులుతుంది. టైల్స్ నేల, బోడి గోడలు ఉన్న ఇంట్లో ఒక గదిలో ఆఫీసు కాల్ మాట్లాడుతుంటే ఇంకో గదిలో ఇంటర్ చదివే పిల్లవాడికి టెన్షన్. మందపాటి పరదాలు, పుస్తకాల అర, ఒక జంపఖానా మోతను బాగా తగ్గిస్తాయి. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ వేస్తే మాటలు బయటికి తక్కువ వస్తాయి. చదువుకూ ఆఫీసు పనికీ ఒకే మడత బల్ల సరిపోతుంది, రెండూ ఒకే వేళకు పడకపోతే.

అద్దె ఇంట్లో ఉండేవాళ్లు ఇందులో ఏది చేయాలన్నది ఓనర్‌ను బట్టి ఉంటుంది. బెంగళూరులో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె అడ్వాన్స్‌లో కోసుకోవడం మామూలే. ఎలాగూ కోసుకునే డబ్బే కాబట్టి, దిగేటప్పుడే మాట్లాడుకుని గోడలకు లేతరంగు వేయించమనడం, అది అగ్రిమెంటులో రాయించడం లాభం. మేకులు, బ్రాకెట్లు ఎక్కడెక్కడ కొట్టొచ్చో కూడా అప్పుడే అడిగేయాలి. తీసి పట్టుకుపోగలిగినవాటి మీదే డబ్బు పెట్టాలి. వెల్క్రో మెష్, మడత బల్ల, పుల్లీ దండెం, దివాన్ తర్వాతి ఇంటికీ వస్తాయి. అయితే దివాన్ కొనేముందు మెట్ల మలుపు కొలుచుకోవాలి. సన్న సైట్లలో కట్టిన బిల్డింగుల మెట్లు మూడడుగుల వెడల్పు కూడా ఉండవు, విడదీసి బిగించే రకం కాకపోతే అది పైకి ఎక్కదు.